నలభై ఒకటో నంబరు పొయ్యి

ఏటా వానలు తగ్గాక ఒక ముసలాయన మౌలాలి నుంచి నడిచి కాప్రాలోని మా ఇంటికి వచ్చేవాడు. ముందు గోడ మీది నంబరు వెలిసిపోయిందేమో చూసి, ఎర్రమన్ను కలిపి దాన్ని కొత్తగా దిద్దేవాడు. తర్వాత వెనక గుమ్మంలోంచి వంటింట్లోకి వచ్చి, పొయ్యికి జానెడు ఎత్తున అరచెయ్యి బోర్లించి కాసేపు ఊరికే నిలబడేవాడు. "ఎచ్చగున్నది" అనేవాడు. నీళ్లు తాగి వెళ్లిపోయేవాడు.

నేను నవ్వేదాన్ని. మా స్కూల్లో తోటి టీచర్లకు చెప్పి వాళ్లనీ నవ్వించేదాన్ని. "మాకొక పొయ్యిల ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు, ఏడాదికోసారి తనిఖీకి వస్తాడు" అని. నా నోటికి తాళం వెయ్యాలి. ఈ ఏడు ఆయన రాలేదు. మొన్న పొద్దున ఆయన కూతురు వచ్చింది. ఆయన పోయి నలభై రోజులు దాటిందట. ఆమె చెప్పిన సంగతి విన్నప్పటి నుంచీ నాకు కాలూ చెయ్యీ ఆడటం లేదు.

ఆయన పేరు నాకు మొన్నటిదాకా తెలియదు. తెలియదన్న సంగతి కూడా తెలియదు. చిన్నప్పుడు బస్తీ పిల్లలంతా "నంబర్ల మామూ" అనేవాళ్లు. నేనూ అలాగే అంటే మా అమ్మ తొడపాశం పెట్టేది. "వాడు నీకు మామయ్య ఎప్పుడయ్యాడే?" అని.

అప్పటికి మేము సికింద్రాబాదులో, రాంగోపాల్‌పేట్ వెనకాల ఉండేవాళ్లం. ముందు వరస బంగళాలు, వాటి వెనక బస్తీ. బస్తీ మొదట్లో మా పెంకుటిల్లు. నాన్న మిషన్ స్కూల్లో టీచరు. అమ్మానాన్నలది కోస్తా. ఇల్లు మాదే గానీ నేల సర్కారుది. ఆ మాటకొస్తే లోపలి గుడిసెల సంగతీ అంతే. కానీ ఆ మాట మా అమ్మ ముందు అనే ధైర్యం ఎవరికుంది?

బస్తీ పొగ తమ కిటికీల్లోంచి వస్తోందని బంగళాలవాళ్లు సర్కారుకు అర్జీ పెట్టుకున్నారు. ఆ బంగళాల్లో వంట చేసేది, అంట్లు తోమేది, పిల్లల్ని ఎత్తుకునేది అంతా ఆ బస్తీవాళ్లే. పగలంతా బంగళా పొయ్యి ముందు కూర్చున్న మనిషి సాయంత్రం ఇంటికొచ్చి తన పొయ్యి వెలిగించుకుంటే అది నేరమైపోయింది. సర్కారు ఆలోచించి ఒక స్కీము వేసింది. బస్తీ తీసేసి రోడ్డు వెడల్పు చేస్తారు. బస్తీవాళ్లకు ఊరి బయట, కాప్రా వైపు జాగాలు ఇస్తారు. నంబరున్న పొయ్యికి ఒక జాగా. నంబరు లేనివాడికి ఏమీ లేదు, వాడి దారి వాడు చూసుకోవాలి.

ఆ నంబర్లు వేసే మనిషి ఈయన. ఆఫీసులో అందరికన్నా కింది నౌకరు. ఉండేది కూడా అదే బస్తీలో, చిట్టచివర. పొట్టిగా ఉండేవాడు. ఒక చేతిలో ఎర్రమన్ను కలిపిన డబ్బా, ఇంకో చేతిలో చివర నమిలి కుంచె చేసిన ఈతపుల్ల. చొక్కా చేతులు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. అంకెలు తప్ప ఒక్క అక్షరం రాదు. అంకెల విషయంలో మాత్రం మహా డాబు. రాశాక నాలుగడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి, తల వంచి చూసుకునేవాడు. వంకర కనబడితే తుడిచి మళ్లీ రాసేవాడు. తడి ఆరకముందే గోడకు ఎవరైనా ఆనుకున్నారో, ఇక వాళ్ల పని అయిపోయిందే! మేకను కూడా నిలబెట్టి తిట్టడం నేను చూశాను.

ఏ ఇంటికి పోయినా ఆయన మొదటి మాట ఒకటే.

"అమ్మా, జెర పొయ్యి చూపియ్యుండ్రి."

"ఇల్లు కనపడ్తలేదా ఏంది? పొయ్యి ఎందుకు?" అని ఆడవాళ్లు నవ్వేవాళ్లు.

"గోడలు ఎవడన్న లేపుతడు తల్లీ. బువ్వ ఉడుకుతున్నదా లేదా, నేను గది సూడాలె."

పొయ్యి మీద అరచెయ్యి పట్టేవాడు. బూడిద వెచ్చగా ఉంటే నంబరు. చల్లగా ఉంటే లేదు. ఆఫీసువాళ్లు పెట్టిన రూలు 'ఒక పొయ్యికి ఒక నంబరు' అంతే. ఈ అరచెయ్యి రూలు మాత్రం ఆయన సొంతం. ఒకాయన ఇద్దరు కొడుకుల పేర రెండు జాగాలు కొట్టెయ్యాలని ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు పెట్టి, రెండిట్లోనూ మంట వేసి కూర్చున్నాడు. ఈయన రెండిటి మీదా చెయ్యి పట్టి చూసి, "మంచిగనే ఉన్నది. ఉప్పు డబ్బా ఏదీ?" అన్నాడు. ఒక్కటే తెచ్చారు. "రెండోది?" అన్నాడు. ఇంటాయన నోరు వెళ్లబెట్టాడు. "ఉప్పు ఒక్కటైతే పొయ్యి సుత ఒక్కటే" అని ఒకే నంబరు వేసి వచ్చాడు. బస్తీ అంతా వారం రోజులు నవ్వుకుంది. ఆ ఇంటాయన మాత్రం ఆర్నెల్లు ఆయనతో మాట్లాడలేదు.

అలాంటి మనిషి ఒకరోజు మా ఇంటికి వచ్చాడు.

మా అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "మాది బస్తీ ఏంటయ్యా? పెంకుటిల్లు కనబడటం లేదూ? మా ఆయన టీచరు. ఆ గుడిసెలవాళ్లలో మమ్మల్ని కలుపుతావా?"

"కలుపుడు నా పని గాదమ్మా. పొయ్యి ఉంటె నంబర్ ఏస్త."

"మా పొయ్యి నువ్వు చూడక్కర్లేదు."

ఆయన తలెత్తి పెంకుల సందుల్లోంచి వస్తున్న పొగను చూశాడు. గోడ మీద ముప్పై ఏడు అని రాసేసి పోయాడు. మర్నాడు పొద్దున్నే అమ్మ కొబ్బరిపీచూ బూడిదా పట్టుకుని ఆ నంబరును రుద్ది రుద్ది కడిగింది. ఆయన వచ్చి చూశాడు, మళ్లీ రాశాడు. అమ్మ మళ్లీ కడిగింది. మూడోసారి రాస్తూ మాత్రం అన్నాడు. "అమ్మా, గీ ఎర్రమన్ను మీద కోపం జెయ్యకు. రేపు గిదే కావాలంటవ్."

"నీతో చెప్పించుకునే గతి మాకు పట్టలేదు" అంది అమ్మ. ఆ రాత్రే నాన్న చేత ఇంగ్లీషులో ఉత్తరం రాయించింది. మేము బస్తీవాళ్లం కాము, మా ఇంటిని లెక్కలోంచి తియ్యండి అని. తీసేశారు. ముప్పై ఏడు ఇంకెవరికో పోయింది. ఇంగ్లీషు ఉత్తరంతో సర్కారును వంచామని నేను కూడా తల ఎగరేశాను. నాకప్పుడు పదకొండేళ్లు.

ఆయన దాహమంటే అమ్మ నీళ్లు ఇవ్వకపోలేదు. వెనక గుమ్మం దగ్గర మేకుకు వేలాడదీసిన సొట్టల మగ్గుతో ఇచ్చేది. అందరూ దేవుడి పిల్లలేనని ఆదివారం ఆరాధనలో గొంతెత్తి పాడేవాళ్లం. ఆ మగ్గు మాత్రం ఆ మేకుకే ఉండేది.

తర్వాత పోలీస్ యాక్షన్ వచ్చింది. విమానాల చప్పుడు, బంగళా రేడియో ముందు గుంపు, నిజాం లొంగిపోయాడన్న వార్త, ఒకడి నోట పుట్టి ఇంకొకడి నోట పదింతలయ్యే పుకార్లు. అంతకుముందు దాకా రజాకార్లు వస్తారని కొందరు వణికితే, ఇప్పుడు వాళ్లతో ఏ సంబంధమూ లేని ముస్లింలు వణికారు. బస్తీలో వాళ్ల గుడిసెలు ఒకటొకటిగా ఖాళీ అయ్యాయి. ఒక సాయంత్రం వానలో మా వెనక గుమ్మం దగ్గర నంబర్ల మామూ భార్య నిలబడింది, కూతుర్ని కొంగు కింద దాచుకుని. ఆయన నాలుగడుగుల వెనక, తల వంచుకుని ఉన్నాడు.

ఇక్కడ మా అమ్మ గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "లోపలికి రండి. ఏడవకండి. చెప్పులు అక్కడ విడవండి" అంది. ఆమెకు తాను ఆరాధనకు కట్టుకునే తెల్ల చీర ఇచ్చి కట్టుకోమంది. ఎవరైనా అడిగితే మా చుట్టాలేనని చెప్పమని నాకు నేర్పింది. ఆయన పెరట్లో కట్టెల కొట్టంలో ఉండేవాడు. పదిహేను రోజులు అందరికీ మా పొయ్యి మీదే వంట. వాళ్లు తినే చోటు వేరు, కంచాలు వేరు. కానీ అన్నం ఒకే కుండలోది. ఆ పిల్ల నా పక్కనే పడుకునేది. నాకంటే నాలుగేళ్లు చిన్నది.

ఊరు కాస్త సద్దుమణిగింది. ఆఫీసుకు కొత్త ఆఫీసరు వచ్చాడు, ఎక్కడివాడో, తెలుగూ ఉర్దూ రెండూ రావు. నంబర్లన్నీ మళ్లీ చూడాలన్నాడు. మనుషులు లేని గుడిసెల నంబర్లు కొట్టెయ్యాలి. కొత్త నంబర్లు మాత్రం పుట్టించడానికి లేదు. ఖాళీ అయినవాటిలోంచే ఎవరికైనా ఇవ్వాలి. పొయ్యిలన్నీ తెలిసినవాడు కాబట్టి నంబర్ల మామూని పిలిపించి పనిలో పెట్టుకున్నారు. ఇంగ్లీషులో చెప్పడానికి మా నాన్నను తోడు తీసుకున్నారు.

అదే వారంలో మాకు ఇంకో సంగతి తెలిసింది. కొత్త రోడ్డు గీత సరిగ్గా మా పెంకుటింటి మధ్యలోంచి పోతోంది! అమ్మ మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. తన చేత్తో కడుక్కున్న గోడను చూస్తూ కూర్చునేది.

ఆఫీసరూ వాళ్లూ మా ఇంటి దాకా వచ్చిన పొద్దు నాకు బాగా గుర్తు. ఆఫీసరు గోడ చూసి, ఈ ఇంటికి నంబరేదీ అన్నాడు. నాన్న నేల చూపులు చూశాడు. నంబర్ల మామూ మొదటిసారిగా మా వంటింట్లోకి నడిచాడు. అమ్మ పక్కకు తప్పుకుంది. ఆయన పొయ్యి మీద అరచెయ్యి పట్టాడు.

"ఎచ్చగున్నది సాబ్. గిప్పుడే ఖాళీ అయిన నలభై ఒకటి ఈ ఇంటికి ఎయ్యొచ్చు."

నాన్న దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. ఆఫీసరు తలూపి రాసుకున్నాడు. మామూ గోడ మీద నలభై ఒకటి వేశాడు. ఆ రోజు మాత్రం వెనక్కి జరిగి, కన్ను మూసి చూసుకోలేదు. అమ్మ దాన్ని కడగలేదు.

అలా మాకు కాప్రాలో ఈ జాగా వచ్చింది. మామూ వాళ్లు మౌలాలి గుట్ట కింద, రైల్వే కాలనీ వెనక ఒక రేకుల షెడ్డులో చేరారని విన్నాం. వాళ్లకు జాగా ఎందుకు రాలేదని నేను అడగలేదు. అడగాలని తోచను కూడా లేదు. బస్తీ చివర్న వాళ్ల గుడిసె మీద ఏ నంబరుండేదో నాకేం తెలుసు? అంత లోపలికి అమ్మ నన్నెప్పుడూ వెళ్లనివ్వలేదు.

కొత్త ఇల్లు కట్టుకున్న మొదటి ఏడాదే ఆయన వచ్చాడు. నంబరు దిద్దాడు. ఒకప్పుడు గోడ మీద ఎర్రచుక్క పడితే అగ్గి మీద గుగ్గిలమయ్యే మా అమ్మ, "ఇంకాస్త పెద్దగా రాయి, వీధిలోంచి కనబడాలి" అంది. ఆయన పెద్దగా రాశాడు. పొయ్యి చూసుకున్నాడు. వెళ్లేముందు వరండాలో నాన్న ముందు నిలబడి, "సార్, అర్జీకి జవాబ్ వచ్చిందా?" అన్నాడు.

"సర్కారు పని కదయ్యా. కాగితం పై ఆఫీసులో ఉంది" అన్నాడు నాన్న.

ఏటా అదే ప్రశ్న, అదే జవాబు. నౌకరీ గురించో, పింఛను గురించో అనుకున్నాను. నాన్న పోయాక అమ్మను అడిగేవాడు. అమ్మ "టీ పెడతాను" అని లోపలికి పోయేది, ఆయన ముఖం చూసేది కాదు. కిరసనాయిలు స్టవ్వు కొన్నప్పుడు ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి బూడిద లేదు గదమ్మా, మనిషి ఉన్నడో లేడో ఎట్ల తెలుస్తది?" అని బెంగపడ్డాడు. అమ్మ వంటింట్లో వెనకవైపు మట్టి పొయ్యి అలాగే ఉంచి, రోజూ వెలిగించేది. తన ఆఖరి రెండేళ్లూ అమ్మ ఆయనకు మేము తాగే స్టీలు గ్లాసుతోనే నీళ్లు ఇచ్చింది. నేను గమనించాను. ముసలితనంలో మనసు మెత్తబడిందిలే అనుకున్నాను. అమ్మ పోయి మూడేళ్లయింది. ఆ తర్వాత ఆయన నన్నేమీ అడగలేదు, పొయ్యి చూసుకుని వెళ్లిపోయేవాడు.

మొన్న పొద్దున ఆయన కూతురు వంటింటి గుమ్మంలో కూర్చుంది. నా పక్కన పడుకున్న ఆ పిల్లే. తల నెరుస్తోంది. టీ ఇస్తే రెండు చేతులా పట్టుకుంది.

"అక్కా, అబ్బ పొయ్యేటప్పుడు ఒక్కటే మాట అడగమన్నడు. జవాబ్ ఏమన్న వచ్చిందా?"

"దేనికి జవాబు? ఏ అర్జీ అది?" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "నీకు తెల్వదా? మా నంబర్ సంగతి."

"మీ నంబరేంటి?"

"నలభై ఒకటి మాదే గదా అక్కా."

చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆమె మాత్రం వాన ఎప్పుడు పడిందో చెప్పినంత మామూలుగా చెప్పుకుపోయింది.

"ఆ పొద్దు మీ ఇంటికి రాకముందు అబ్బ ఆఫీసరును తోల్కొని బస్తీ అంత తిరిగినంక మా గుడిసె కాడికి సుత పోయిండు. పదిహేను దినాలు మీ ఇంట్లనే తింటిమి గద. కప్పు కూలి పొయ్యిల నీళ్లు నిలిచినయ్. అబ్బ చెయ్యి వెట్టి చూసిండు. సల్లగున్నది సాబ్, అన్నడు."

"అది తన ఇల్లేనని చెప్పలేదా?"

"బుగులు అక్కా, భయం. ఇది నా ఇల్లంటే, ఇన్ని దినాలు యాడ దాక్కున్నవ్ అని అడుగుతడని బుగులు. దినాలు గట్లుండె. ఇంగోటి, ఊరందరి పొయ్యిలకు చెయ్యి వెట్టి చెప్పినోన్ని, నా పొయ్యి కాడ అబద్ధం ఎట్ల జెప్పాలె అనేటోడు. అమ్మ తలకాయ కొట్టుకున్నది. గదే మాట అనేటోడు."

"మరి మా నాన్న?"

"సార్ పక్కకే ఉండె. ఇంగ్లీషుల చెప్పింది సారే గద."

ప్రభువా! మా నాన్న ఆ గుడిసె ఎవరిదో తెలిసి, ఆ గుడిసెవాళ్లు తన ఇంట్లోనే ఉన్నారని తెలిసి, ఇక్కడ ఎవరూ లేరని ఇంగ్లీషులో చెప్పాడు. మా నాన్న. నాకు పది ఆజ్ఞలు కంఠతా పట్టించిన మనిషి. ఆయన్నేం చూసి నేను టీచర్నయ్యాను?

"గా దినం మాపటికి సారే అర్జీ రాసిండు" అందామె. "నీకు ఇంకో నంబర్ ఇప్పిస్త, నాది జిమ్మేదారి అన్నడు. అబ్బ అంగూఠా వెట్టిండు. ఇగ ఆ అర్జీ మీదనే పానమంత."

నేను లోపలికి వెళ్లి నాన్న ట్రంకు పెట్టె తెరిచాను. నాకు ఎందుకో తెలిసిపోయింది. స్కూలు సర్టిఫికెట్లు, పెళ్లి ఫోటో, అడుగున పాత బైబిలు. అందులో నాలుగు మడతలు పెట్టిన కాగితం. నాన్న గుండ్రటి చేతిరాత. కింద ఎర్రమన్నుతో వేసిన బొటనవేలి ముద్ర. పైన ఏ ఆఫీసు ముద్రా లేదు, తేదీ లేదు, అసలు మా గుమ్మమే దాటలేదు. దాటితే నలభై ఒకటి ఎవరిదో బయటపడి, మా జాగా పోతుంది. పంపడానికి నాన్నకు ధైర్యం చాలలేదు. చింపడానికి మనసు రాలేదు. దాన్ని దేవుడి పుస్తకంలో పెట్టి దాచుకున్నాడు. అమ్మకూ తెలుసు. ఆ స్టీలు గ్లాసు అందుకే.

కాగితం పట్టుకుని వంటింట్లోకి వచ్చాను. అబద్ధం చెప్పొచ్చు. పై ఆఫీసులో ఉందట అనొచ్చు. మా ఇంట్లో అలవాటైన మాటే కదా అది.

"చదువు అక్కా, ఏమున్నది?" అంది. ఆమెకు చదువు రాదు.

చదివాను. ఆయన పేరు మొదటిసారి నా నోటితో పలికాను. "నా పొయ్యి చల్లగా ఉండుట నిజమే. ఆ దినములలో నా భార్యాబిడ్డలు తిన్న అన్నము వేరొక ఇంటి పొయ్యి మీద వండినది. కనుక నా పొయ్యిని చల్లారనిచ్చినది నేను కాదు, భయము." నాన్నకు భాష బాగా వచ్చు.

ఆమె ఆ వేలిముద్ర మీద వేలు పెట్టి చూసింది. కొంచెం ఎరుపు రాలి అంటుకుంది.

"గిదంటే, ఇది పోనే లేదా అక్కా?"

"పోలేదు."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. "జవాబ్ రాకముందే పోతున్ననని ఏడ్చిండు" అంది. తర్వాత లేచి, నా పొయ్యి మీద, అచ్చం వాళ్ల నాన్నలాగే, జానెడు ఎత్తున అరచెయ్యి పట్టింది.

"ఎచ్చగనే ఉన్నది" అంది. కొంగు కప్పుకుని వెళ్లిపోయింది. కాగితం అడిగితే ఇచ్చేదాన్ని. ఇల్లు అడిగితే ఏం చేసేదాన్నో నాకు తెలియదు. ఆమె రెండూ అడగలేదు.

మొన్నటి నుంచి పొయ్యి వెలిగించలేదు. పక్కింటావిడ, "ఏంటమ్మా, మీ ఇంట్లో పొగ లేదు, ఎవరైనా పోయారా?" అని అడిగి అన్నం తెచ్చి పెట్టింది. పోయారని చెప్పాను. ఎవరని అడిగితే ఆయన పేరు చెప్పాను. ఇవాళ మధ్యాహ్నం వెనక మట్టి పొయ్యి దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టి చూశాను. చల్లగా ఉంది. రేపు పొద్దున ఈ కాగితం తీసుకుని మౌలాలి వెళ్తాను.